నాబ్ ఎవరి చేతిలో ఉంది?



పోయిన నెల యూనియను ఆఫీసుకు నలుగురు అక్కచెల్లెళ్ళు వచ్చారు. నలుగురూ ఒకే టవల్ కార్ఖానాలో పనిచేస్తారు. ముగ్గురు హెమ్మింగ్‌లో అంచులు కుడతారు, ఒకామె ప్యాకింగ్‌లో సూది పట్టే యంత్రం ముందు నిలబడుతుంది. నలుగురి పగారులోనూ కోత పడింది. ఎగుమతికి పోయిన సరుకులో ఒక టవల్ అంచు మడతలో విరిగిన సూది ముక్క దొరికిందట. అక్కడి కొనుగోలుదారు ఏజెంటుకు కాగితం రాశాడు, ఏజెంటు యజమానిని అడిగాడు, యజమాని మేనేజరును అడిగాడు, మేనేజరు సూపర్‌వైజరు మీద అరిచాడు. అట్లా దిగుతూ దిగుతూ వచ్చి ఆ కాగితం ఈ నలుగురి పగారు కవర్ల మీద ఆగింది. వాళ్ళ కింద ఇంక ఎవరూ లేరు గదా!

యంత్రం ముందు నిలబడే చెల్లెలు ఒక్క మాటే అన్నది. "అది మోగలే అన్నా. మోగితే తియ్యనా నేను?"

మోగలేదన్నది నిజమే. ఎందుకు మోగలేదని అడిగిన మనిషి మాత్రం ఆ కార్ఖానాలో ఒక్కడూ లేడు. మేము పోయి అడిగాం. అడిగితే తెలిసిన సంగతులు మన వాళ్ళందరికీ, భివండీలో, ఇచల్‌కరంజీలో, సూరతులో, కోయంబత్తూరులో పనిచేసే తెలుగు కార్మికులకు కూడా, పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

ముందు యంత్రం సంగతి. దీనిలో మాయ ఏమీ లేదు, బడి చదువు చదివిన మాకే అర్థమైందంటే మీకూ అవుతుంది. ఒక తీగచుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతూ పోతుంటే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలోకి ఏదైనా లోహం వచ్చిందంటే ఆ లోహంలో చిన్న చిన్న కరెంటు సుడులు పుట్టి క్షేత్రాన్ని కొద్దిగా చెదరగొడతాయి. పక్కనే పెట్టిన మరో తీగచుట్ట ఆ చెదురును పసిగడుతుంది. స్పిన్నింగ్ మిల్లుల బ్లో రూమ్‌లో పత్తి పోయే గొట్టం చుట్టూ బిగించేది ఈ రకమే. ఇనుమైనా ఇత్తడైనా అల్యూమినియమైనా దీనికి తగులుతుంది.

టవళ్ళు, చాదర్లు, రెడీమేడ్ బట్టలు ప్యాక్ చేసే చోట బెల్టు మీద పెట్టే యంత్రం చాలా కార్ఖానాల్లో వేరే రకం. దానిలో అయస్కాంతాలుంటాయి. ఇనుము ముక్క వాటి దగ్గరినుంచి కదిలి పోయినప్పుడు క్షేత్రంలో వచ్చే మార్పును అది చూస్తుంది. మార్పు కనిపిస్తే బెల్లు మోగి బెల్టు ఆగిపోతుంది. సూది ఉక్కుది గనుక దొరుకుతుంది. ఇత్తడి గుండీ, అల్యూమినియం పూత ఉన్న జరీ దారం దీనికి పట్టవు. అందుకే జరీ అంచు ఉన్న సరుకును కూడా దీని మీద చూడవచ్చు. ఈ రెండు రకాలకు తేడా తెలియక "యంత్రం ఉంది గదా, అన్నీ పట్టుకుంటుంది" అనుకునే మేనేజర్లను మేము చూశాం.

రెండింటికీ ఒక నాబ్ ఉంటుంది, కొత్త వాటికి నొక్కే మీటలు, అంకెలు ఉంటాయి. సెన్సిటివిటీ అంటారు. అది యంత్రం చెవి అనుకోండి. సాంచాల శాలలో మనం ఎట్లా మాట్లాడుకుంటాం? చప్పుడులో చిన్న మాట వినపడదు, పెదవులు చూసి అర్థం చేసుకుంటాం. యంత్రానికి కూడా చుట్టూ చప్పుడు ఉంటుంది, మన చెవికి వినపడే చప్పుడు కాదు, కరెంటు చప్పుడు, ఇనుము కదలిక చప్పుడు. చెవి మరీ తెరిచి పెడితే ఆ చప్పుడుకే ఊరికే మోగుతుంది. చెవి మూసేస్తే చప్పుడుతో పాటు సూది మాట కూడా వినపడదు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆపాలన్నదే మొత్తం సమస్య.

నేల మీద లోహం వెదికేవాళ్ళకు ఈ కష్టం మనకంటే ముందే తెలుసు. చేతిలో యంత్రం పట్టుకుని పాతిన మందుపాతరలు వెదికే సైనికులైనా, వేరే దేశాల్లో సరదాకు పాత నాణేలు వెదికేవాళ్ళైనా, ముందు నేలను చూస్తారు. ఇనుప ఖనిజం ఉన్న ఎర్రనేల, ఉప్పునీటితో తడిసిన సముద్రపు ఇసుక, రెండూ లోహం లేకుండానే యంత్రాన్ని మోగిస్తాయి. మన షోలాపూరు చుట్టూ ఉన్న నల్లరేగడి కూడా తక్కువది కాదు, అది నల్లరాయి అరిగి ఏర్పడిన నేల, అయస్కాంతానికి అంటుకునే ఖనిజపు నలుసులు దానిలో ఉంటాయి. ఏరులో ఇసుక మీద అయస్కాంతం తిప్పితే నల్లని పొడి అంటుకోవడం చిన్నప్పుడు మనమంతా చూసి ఆడుకున్నదే. అందుకని తెలిసినవాళ్ళు యంత్రాన్ని లోహం లేని చోట నేలకు దించి, పైకెత్తి, మళ్ళీ దించి, ఆ నేల చేసే చప్పుడు పోయేదాకా సరిచేసుకుంటారు. పైన హైటెన్షన్ తీగలు ఉంటే దూరం జరుగుతారు, లేదా యంత్రం పనిచేసే ఫ్రీక్వెన్సీ మారుస్తారు. ఇవన్నీ అయ్యాకే సెన్సిటివిటీ ముట్టుకుంటారు. ఇవేవీ చేయకుండా ముందే సెన్సిటివిటీ తగ్గించినవాడికి చప్పుడూ పోతుంది, నాణెమూ పోతుంది. మందుపాతర అయితే కాలు కూడా పోతుంది.

మన కార్ఖానాల్లో జరుగుతున్నది సరిగ్గా ఇదే, ముందే నాబ్ తగ్గించడం.

ఆ టవల్ కార్ఖానాకు మేము ముగ్గురం పోయాం, యూనియను తరఫున ఇద్దరం, మాకు తెలిసిన ఒక ఎలక్ట్రీషియను. యజమాని మనవాడే. తెలుగువాడు, మన పద్మశాలీ బంధువే, నారళీ పున్నమ నాడు మార్కండేయ స్వామి రథం వెంట మాతో పాటే నడుస్తాడు. మర్యాదగానే కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు. "యంత్రం బాగుంది, పరీక్ష రిజిస్టరు బాగుంది, తప్పు మనిషిదే అన్నా" అన్నాడు. రిజిస్టరు చూశాం. గంట గంటకూ పరీక్ష కార్డు పెట్టి చూసినట్టు, బెల్లు మోగినట్టు సంతకాలున్నాయి. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలులో. చెల్లెలిని పక్కకు పిలిచి అడిగితే పొద్దున షిఫ్టు మొదట్లోనే పన్నెండు గళ్ళకూ సంతకం పెట్టించుకుంటారని చెప్పింది. పెట్టనంటే మరునాడు రావద్దంటారట.

తరువాత యంత్రం దగ్గర నిలబడ్డాం. ఒక అరగంట ఏమీ జరగలేదు. మా ఎలక్ట్రీషియను సూపర్‌వైజరును అడిగి నాబ్‌ను పరీక్ష కార్డుకు తగిన చోటుకు పెంచించాడు. ఇంకో పది నిమిషాలకు బెల్లు మోగింది, బెల్టు ఆగింది. టవల్ విప్పి చూస్తే ఏమీ లేదు. మళ్ళీ మోగింది. మళ్ళీ ఏమీ లేదు. సూపర్‌వైజరు నవ్వాడు. "చూశారు గదా సార్, ఇట్లా మోగుతుంటే కంటైనరు ఎప్పుడు నిండాలి?" ఆయన మాట అబద్ధం కాదు. బెల్టు ఆగిన ప్రతిసారీ ఆయనకు మేనేజరు తిట్లు, ప్యాకింగువాళ్ళకు నగాల లెక్క తగ్గి పగారు తగ్గుడు.

మూడోసారి మోగినప్పుడు మా ఎలక్ట్రీషియను చెయ్యి పైకెత్తి "ఆగండి" అన్నాడు. గోడ అవతల ఏదో గరగర వినపడింది. సరుకు లిఫ్టు! కొత్తగా పెట్టారు. యంత్రానికి వెనుక గోడ, గోడకు అవతల లిఫ్టు గుంట. ఇనుప బోను కిందికీ మీదికీ పోయినప్పుడల్లా ఈ యంత్రం దాన్ని సూది అనుకుంటున్నది. లిఫ్టు ఆపించి చూశాం. గంటసేపు ఒక్కసారి కూడా ఊరికే మోగలేదు. లిఫ్టు నడిపించాం, మోగింది.

దీనికి కావలసినది పెద్ద ఇంజనీరు కాదు. యంత్రాన్ని ఆ గోడ నుంచి తీసి హాలు అవతలి పక్కకు పెట్టడానికి నలుగురు హమాలీలు, ఒక పూట పని చాలు. దానికి బదులు లిఫ్టు పెట్టిన వారంలోనే ఎవరో నాబ్‌ను కిందికి తిప్పేశారు. ఎవరు తిప్పారో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. సూది ముక్క ఆ తరువాతే దాటిపోయింది.

ఊరికే బెల్లు మోగడానికి మేము చూసిన, తెలిసినవాళ్ళు చెప్పిన కారణాలు చాలా ఉన్నాయి. యంత్రం సరిగ్గా కూర్చోక నేల మీద ఊగుతుంటే, పక్క సాంచాల అదురు నేలలోంచి దానికి ఎక్కుతుంటే, చుట్టూ ఉన్న ఇనుమే కదిలినట్టు దానికి తోస్తుంది. కాళ్ళ కింద రబ్బరు మెత్తలు వేసి, నాలుగు కాళ్ళూ సమంగా నేలకు ఆనేటట్టు బిగిస్తే ఇది పోతుంది. ఇనుప ట్రాలీ, ఇనుప స్టూలు, ఆఖరుకు కుట్టేవాళ్ళ కత్తెర దగ్గరినుంచి పోయినా మోగవచ్చు. ఎర్తింగ్ సరిగ్గా లేకపోవడం, మోటారు తీగలూ యంత్రం తీగలూ ఒకే గొట్టంలో లాగడం, మోటార్ల వేగం మార్చే ఇన్వర్టరు డ్రైవులు పక్కనే పెట్టడం, మొబైల్ ఫోను యంత్రం మీదనే పెట్టి మాట్లాడడం, ఇవన్నీ చప్పుడు పుట్టించేవే. తీగచుట్ట రకం యంత్రాలకు మరొకటి ఉంది. వానకాలంలో సరుకు తడిగా ఉంటే, అద్దకం తరువాత ఉప్పు సరిగ్గా పోకపోతే, ఆ తడి బట్టే కొద్దిగా కరెంటును పారనిస్తుంది, యంత్రానికి లోహంలా కనపడుతుంది. సముద్రపు ఇసుక సంగతే ఇదీ. వేసవిలో కుదిర్చిన నాబ్ ఆషాఢంలో సరిపోదు. అట్లాంటప్పుడు బాగా ఆరిన తరువాతే సరుకు పెట్టాలి, లేదా ఆ సరుకుకే ప్రత్యేకంగా కుదుర్చుకోవాలి.

సరిగ్గా కుదర్చడం ఎట్లా అంటే, ముందు బెల్టును ఖాళీగా నడిపి చూడాలి. ఖాళీ బెల్టుకే మోగితే సరుకు తప్పు కాదు, మనిషి తప్పు కాదు, చోటు తప్పు. అప్పుడు పక్కనున్న మోటార్లు, ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపి ఏది కారణమో పట్టుకోవాలి. అది పోయాక సూది లేదని ఖాయంగా తెలిసిన టవళ్ళు నాలుగైదు పంపాలి. ఆ తరువాత పరీక్ష కార్డు. కార్డులో చిన్న ఇనుప గుండు ఉంటుంది, కొనుగోలుదారు ఒక మిల్లీమీటరు అడిగితే ఒకటి, 1.2 మిల్లీమీటర్లు అడిగితే 1.2. కార్డును ఒకే చోట పెట్టి మోగింది అనుకుంటే కుదరదు. బెల్టుకు ఎడమ, నడుమ, కుడి. మళ్ళీ ఒక్కొక్క చోట కింద, మధ్య, పైన, తొమ్మిది చోట్ల పెట్టి చూడాలి. యంత్రం చెవికి దూరంగా ఉండే చోటే అన్నింటికంటే బలహీనం, అక్కడ మోగితేనే నిజంగా మోగినట్టు. డజను టవళ్ళ కట్ట పంపితే నడిమి టవల్‌లో ఉన్న ముక్క ఆ బలహీనమైన చోటే పోతుందని గుర్తుంచుకోవాలి. పైగా గుండు గుండ్రంగా ఉంటుంది, సూది సన్నగా పొడుగ్గా ఉంటుంది. అది ఏ దిక్కుకు పడుకుందన్న దాన్ని బట్టి ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా కనపడుతుంది. అందుకే అంచుకు అంచుగా కాక కొంచెం వెసులుబాటుతో నాబ్ పెట్టాలి.

సూది ముక్క సంగతి ఎగుమతి వ్యాపారం సంగతి, కొనేవాడి బాధ, మనకేమిటి అని కొందరు అడిగారు. ఆ టవల్‌తో ఎవరో తల్లి పసిబిడ్డను తుడుస్తుంది. మనమూ పిల్లలను పెంచినవాళ్ళమే. అంతకంటే ఎక్కువ చెప్పనక్కర లేదు.

బ్లో రూమ్‌లో అయితే ఇది ప్రాణం మీది సంగతి. పత్తి బేలులో కట్టుపట్టీ ముక్క, బోల్టు, కొడవలి మొన, రాయి, ఏదైనా ఉండవచ్చు. అది పోయి తిరిగే బీటరుకు కొట్టుకుంటే నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వ పత్తిలో పొగలేకుండా దాక్కుని గాలి గొట్టంలో ప్రయాణం చేస్తుంది. మంట పుట్టేది ఒక చోట, లేచేది మరో చోట, మిక్సింగ్ గదిలోనో ఫిల్టరు గదిలోనో. అందుకని దారిలో అయస్కాంతాలు పెడతారు, తీగచుట్ట పెడతారు, నిప్పురవ్వను చూసే కన్ను పెడతారు. లోహం కనపడగానే గొట్టంలో తలుపు ఒకటి తెరుచుకుని ఆ కాస్త పత్తిని పక్క పెట్టెలోకి తోసేయాలి. గొట్టం బోల్టులు వదులై అదిరినా, రేకుల కీళ్ళు ఒకదానికొకటి తగిలీ తగలనట్టు ఉన్నా ఈ తీగచుట్ట ఊరికే పలుకుతుంది. తలుపు మాటిమాటికీ తెరుచుకుంటుంది, మంచి పత్తి వేస్టు పెట్టెలో పడుతుంది. మేనేజరు వేస్టు లెక్క చూసి మండిపడతాడు. అప్పుడు నాబ్ దిగుతుంది. ఇంకో సంగతి, లోహం కనపడిన క్షణానికీ తలుపు తెరుచుకునే క్షణానికీ మధ్య ముక్క ఎంత దూరం పోతుందో లెక్క చూసి తలుపు పెడతారు. ఉత్పత్తి కోసం ఫ్యాను వేగం పెంచితే బెల్లు మోగుతుంది, తలుపూ తెరుచుకుంటుంది, ముక్క మాత్రం అప్పటికే దాటిపోయి ఉంటుంది. వేగం మార్చినప్పుడు దీన్ని మళ్ళీ చూడాలని ఎంతమంది ఫిట్టర్లకు చెప్పారు?

మేము మిల్లులో ఉన్న రోజుల్లో బ్లో రూమ్‌లో మంట లేచిన ఒక రాత్రి మాకు గుర్తుంది. ఎవరూ చనిపోలేదు, అదృష్టం. మరునాడు చూస్తే ఆ పక్కకు తోసే తలుపు తెరుచుకోకుండా గుడ్డపేలిక కుక్కి ఉంది. కుక్కింది మేనేజరు కాదు. మనవాడే, ఒక బదిలీ కార్మికుడు. వేస్టు పెట్టె నిండితే దాన్ని ఎత్తి పోసే పని తనకే పడుతున్నదని, జాబర్ తిడుతున్నాడని కుక్కాడు. మేమందరం రోజూ ఆ దారినే పోయేవాళ్ళం, ఎవరమూ వంగి చూడలేదు. యాజమాన్యాన్ని అడిగే ముందు ఈ సంగతి మనం ఒప్పుకోవాలి. ఈ రోజుకూ నాబ్ తిప్పే చేతుల్లో మన చేతులు కూడా ఉన్నాయి. నగల లెక్కన పగారు ఇస్తూ బెల్టు ఆగిన నిమిషాలకు సున్నా కట్టినంత కాలం ఉంటాయి కూడా.

2025 మే 18న ఇదే షోలాపూరులో అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లోని ఒక టవల్ కార్ఖానాలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. యజమానీ, ఆయన ఇంటివాళ్ళూ, పనివాళ్ళూ, పసిపిల్లవాడూ. మేము చెప్పే యంత్రానికీ ఆ ప్రమాదానికీ ముడి పెట్టడం లేదు. పత్తి, నూలు, టవల్ నిండిన కార్ఖానాలో నిప్పు అంటుకుంటే మనుషులకు దారి ఎంత దొరుకుతుందో ఊరంతా చూసింది, అంతే.

ఇప్పుడు కోతల సంగతి. సరుకు నష్టానికి పగారులో కోత పెట్టాలంటే ఆ సరుకు ఆ మనిషికే అప్పగించి ఉండాలి, నష్టం ఆ మనిషి అజాగ్రత్త వల్ల నేరుగా జరిగి ఉండాలి, కోతకు ముందు ఆ మనిషి తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చి ఉండాలి, కోత నష్టం కంటే మించకూడదు. ఇది 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఉన్న రక్షణ. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ 18, 21 సెక్షన్లలో ఉంది. కొత్త కోడ్‌ల మీద మనకు చాలా కొట్లాటలు ఉన్నాయి, అది వేరే సంగతి, కానీ ఇందులో ఉన్న ఈ ముక్కను మనం వాడుకోవాలి. ఈ నలుగురిని ఒక్కరిని కూడా ఎవరూ ఏమీ అడగలేదు. కోత కవరు మీదే కనపడింది.

సూది పట్టే యంత్రాలు మన దగ్గరికి ఎందుకు వచ్చాయో కూడా తెలుసుకుంటే మంచిది. 1994లో జపాను దేశం ఒక చట్టం చేసింది, 1995 జూలై నుంచి అమలు పెట్టింది. సరుకులో లోపం వల్ల మనిషికి హాని జరిగితే తయారు చేసినవాడు, దిగుమతి చేసుకున్నవాడు జవాబు చెప్పాలి, అజాగ్రత్త రుజువు చేయనక్కర లేదు. అందుకే జపాను కొనుగోలుదారులు సూది విషయంలో అంత పట్టుగా ఉంటారు. బాధ్యతను ఆ చట్టం కంపెనీల మీద పెట్టింది. షోలాపూరు దాకా వచ్చేసరికి ఆ బాధ్యత అంచు కుట్టే అక్క మెడకు ఎట్లా చుట్టుకుందో మాకు అర్థం కాదు.

ఇక్కడ విరిగిన సూది సంగతి చెప్పక తప్పదు. యంత్రం ఆఖరి కాపలా మాత్రమే. మొదటి కాపలా కుట్టేవాళ్ళే. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, కాగితం మీద అతికించి, సరిపోయిందా లేదా చూసి కొత్త సూది తీసుకోవాలని ఎగుమతి కార్ఖానాల్లో నియమం గోడల మీద రాసి ఉంటుంది. మన ఆడవాళ్ళు చాలామంది బీడీల చాట పక్కన పెట్టి ఈ కుట్టు పనిలోకి వచ్చినవాళ్ళు, పని నేర్పుగా చేస్తారు. కానీ ఒక ముక్క దొరకకపోతే ఆ డజన్లన్నీ పక్కన పెట్టి వెదకాలి. అరగంట పోతుంది. ఆ అరగంటకు పైసలు లేవు. పైగా సూదికి రూపాయలు కోస్తారు. అట్లాంటప్పుడు మనిషి ఏం చేస్తుంది? తన డబ్బాలో సొంత సూది ఒకటి దాచుకుంటుంది. విరిగితే చప్పుడు లేకుండా మార్చేసుకుంటుంది. కోతలు పెంచితే సూదులు విరగడం ఆగదు, విరిగిందని చెప్పడం ఆగుతుంది. ఇంత చిన్న లెక్క మేనేజరు చదువు చదివినవాళ్ళకు ఎందుకు ఎక్కదో!

మేము యజమాని ముందు పెట్టిన మాటలు ఇవి. నాబ్‌కు తాళం వేయాలి, తాళం ఒక్కరి దగ్గర ఉండాలి, ఎప్పుడు ఎవరు ఎందుకు మార్చారో పుస్తకంలో రాయాలి, రాసినప్పుడు యంత్రం ముందు పనిచేసే మనిషి కూడా చూసి సంతకం పెట్టాలి. గంట పరీక్ష గంటకే జరగాలి, పొద్దున్నే పన్నెండు సంతకాలు వద్దు. పరీక్షలో మోగకపోతే, ముందటి పరీక్ష తరువాత పోయిన సరుకంతా వెనక్కి తెచ్చి మళ్ళీ పంపాలి. ఊరికే మోగుతున్నదని ఎవరు చెప్పినా నాబ్ కంటే ముందు కారణం వెదకాలి. బెల్టు ఆగిన సమయానికీ, విరిగిన ముక్క వెదికిన సమయానికీ రోజువారీ లెక్కన పగారు కట్టాలి. సూదికి పైసలు కోయకూడదు. నలుగురి కోత వెనక్కి ఇవ్వాలి.

మొదటి నాలుగింటికి ఆయన సరేనన్నాడు, వాటికి ఖర్చు లేదు గనుక. మర్నాడే యంత్రం అవతలి గోడకు మారింది. చెల్లెలు ఫోను చేసి చెప్పింది, ఇప్పుడు నాబ్ పైకి పెట్టినా రోజులో ఒకటి రెండుసార్లకంటే ఊరికే మోగడం లేదట. ఆగిన సమయానికి పగారు అనగానే ఆయన ముఖం మారింది. "ఆలోచిస్తా" అన్నాడు. సూది కోత ఆపుతానన్నాడు. నలుగురి కోతలో సగం వచ్చింది, సగం రావాలి. సగం ఎందుకు అంటే జవాబు లేదు. యంత్రం మోగకపోవడానికి కారణం లిఫ్టు అని తన కళ్ళతో చూసినవాడు సగం తప్పు ఎవరిదనుకుంటున్నాడు?

వస్తూ వస్తూ గేటు దగ్గర ఒక సంగతి చూశాం. షిఫ్టు వదిలిన సమయం. గేటులో కూడా ఒక లోహం పట్టే చట్రం ఉంది, మనుషులు దానిలోంచి నడిచి పోవాలి. ఇనుప గేటుకు ఆనించి పెట్టారు, పక్కన జనరేటరు. గాజులకు మోగుతుంది, మెట్టెలకు మోగుతుంది, టిఫిను డబ్బాకు మోగుతుంది, ఏమీ లేకున్నా మోగుతుంది. మోగిన ప్రతి ఆడమనిషినీ పక్కకు నిలబెట్టి సంచీ విప్పిస్తున్నారు. ఆ యంత్రం నాబ్ పూర్తిగా పైకి ఉంది. ఊరికే మోగుతున్నదని దాన్ని ఎవరూ కిందికి తిప్పలేదు. అక్కడ పోయే నిమిషాలు యజమానివి కావు, మనవి.

మిగిలిన సగం కోత కోసం లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాం. ఈ లోపు మిగతా కార్ఖానాల మిత్రులు ఒక పని చేయండి. మీ దగ్గర సూది పట్టే యంత్రం ఎక్కడ ఉంది, వెనుక ఏముంది, పక్కన ఏముంది, నాబ్ ఎంత మీద ఉంది, పరీక్ష కార్డు తొమ్మిది చోట్లా మోగుతున్నదా లేదా, చూసి ఒక కాగితం మీద రాసుకోండి. బ్లో రూమ్‌వాళ్ళు పక్కకు తోసే తలుపు దగ్గర ఒకసారి వంగి చూడండి. ఆదివారం పొద్దున పది గంటలకు యూనియను ఆఫీసుకు ఆ కాగితాలు తీసుకురండి. మా ఎలక్ట్రీషియను మిత్రుడు కూడా వస్తానన్నాడు.